మా ఏరియా హెల్త్ డిపార్ట్‌మెంట్‌కి నా రివ్యూ: ఐదుకి నాలుగు, ఎందుకో చెప్తా

ముందు రేటింగ్ చెప్పేస్తా, ఐదుకి నాలుగు. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కూడా రాస్తా, అదేం చిన్న విషయం కాదు కాబట్టి ఓపిగ్గా చివరిదాకా చదవండి. ఇది హాస్పిటల్ గురించి కాదండీ, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు, నేనూ మొన్నటిదాకా అలాగే అనుకున్నా. హాస్పిటల్‌కి మనం వెళ్తాం, వీళ్లు మన ఇంటికి వస్తారు. నీళ్లు టెస్ట్ చేసేది, దోమల కోసం తొట్లు చూసేది, టీకాలు వేసేది, ఎక్కడైనా ఒకేసారి నలుగురికి జబ్బు చేస్తే ఎందుకు చేసిందో తేల్చేది, హోటళ్ల వంటగదులు చెక్ చేసేది, పుట్టిన వాళ్లని పోయిన వాళ్లని రిజిస్టర్‌లో ఎక్కించేది, ఇదంతా లోకల్ పబ్లిక్ హెల్త్ డిపార్ట్‌మెంట్ పని. ఈ ఏడాదిలో నాకు వాళ్లతో ఐదారుసార్లు పని పడింది, అన్నీ కలిపి రాస్తున్నా.

మొదటిది నీళ్ల గొడవ. మా వీధి పైప్‌లైన్‌కి చిట్టచివర ఉంటుంది, నీళ్లు అందరికీ వచ్చాక మాకు వస్తాయి. ఒక సోమవారం పక్కింట్లో ఇద్దరికి వాంతులు విరేచనాలు, మంగళవారం ఆ అవతలింటి తాతగారికి, బుధవారానికి మా చిన్నోడితో కలిపి ఏడిళ్లలో మొదలైంది. ఎవరికి వాళ్లం ఏదో తిన్నది పడలేదనుకున్నాం. ఇక్కడ ఒక సంగతి నాకు తర్వాత అర్థమైంది, అదేంటంటే ఒక్కో ఇంటి వాళ్లు ఒక్కో డాక్టర్ దగ్గరికి వెళ్లారు, ఆ డాక్టర్‌కి కనపడింది ఒకటో రెండో కేసులు, మందు రాసి పంపించేశారు, అందులో వాళ్ల తప్పేం లేదు. కానీ ఈ ఏడిళ్లూ ఒకే వరసలో ఉన్నాయని, ఒకే పైపు నీళ్లు తాగుతున్నాయని ఒకచోట కూర్చోబెట్టి చూసేవాళ్లు ఎవరు? దానికే ఈ డిపార్ట్‌మెంట్ ఉంది. నాకు అప్పటికి అది తెలీదు, పక్కింటి అక్క "హెల్త్ వాళ్లకి చెప్పి చూడు తమ్ముడూ" అంటే హెల్ప్‌లైన్‌కి చేశా, రెండుసార్లు ఎత్తలేదు, మూడోసారి ఎత్తారు (దీని గురించి కింద రాస్తా), అడ్రస్ రాసుకున్నారు, ఎంతమందికి అని అడిగారు, ఏడిళ్లు అనగానే అవతల గొంతు మారింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరు వచ్చారు, ఒక హెల్త్ ఇన్‌స్పెక్టర్, ఒక ఫీల్డ్ వర్కర్ మేడం. నేనేమో వస్తూనే మందులు పంచుతారు, లేకపోతే రోడ్డు పక్కన బ్లీచింగ్ చల్లుతారు అనుకున్నా. వాళ్లు చేసిన మొదటి పని ప్రశ్నలు అడగడం. ఎన్ని ప్రశ్నలో చెప్పలేను. పేరు, వయసు, ఏ రోజు ఏ టైమ్‌కి మొదలైంది, ముందు వాంతులా విరేచనాలా, జ్వరం ఉందా, రక్తం పడిందా, ఇంట్లో ఎంతమంది ఉన్నారు, అందులో ఎవరికి రాలేదు, తాగే నీళ్లు ఎక్కడివి, కాచుకుంటారా, ఫిల్టర్ ఉందా, ఆదివారం ఎవరింట్లోనైనా ఫంక్షన్‌కి వెళ్లారా, బయట ఎక్కడైనా తిన్నారా. జబ్బు రాని ఇళ్లలో కూడా అంతే టైమ్ కూర్చుని అడిగారు, అది చూసి మా ఎదురింటాయన విసుక్కున్నారు కూడా, "మాకేం కాలేదు కదమ్మా మమ్మల్నెందుకు అడుగుతారు" అని. దానికి ఆ మేడం చెప్పిన మాట నాకు బాగా గుర్తుండిపోయింది, "మీకెందుకు రాలేదో తెలిస్తేనే సార్ వాళ్లకెందుకు వచ్చిందో తెలిసేది" అంది. ఆయనింట్లో బోరు నీళ్లు వాడతారు, పైపు నీళ్లు తాగరు. అదే పెద్ద క్లూ అయింది.

ఆ రాసుకునే కాగితాన్ని వాళ్లు లైన్ లిస్ట్ అంటారు, ఒక్కో పేషెంట్‌కి ఒక్కో లైను. అది పూర్తయ్యాక ఏ రోజు ఎంతమందికి మొదలైందో గీతలు గీసి చూపించారు. అందరికీ ఒకే పూట మొదలైతే ఒక్క భోజనం మీదో ఒక్క ఫంక్షన్ మీదో అనుమానం పెట్టుకుంటారట, అలా కాకుండా రోజూ కొత్తగా ఇద్దరు ముగ్గురు పడుతుంటే, అదీ ఒకే లైన్ వాళ్లయితే, నీళ్లలోకి ఏదో రోజూ దిగుతూనే ఉందని అనుమానిస్తారట. ఇంకోటి కూడా చెప్పారు, క్రిమి ఒంట్లోకి వెళ్లాక బయటపడటానికి ఒక్కోదానికి ఒక్కో టైమ్ ఉంటుంది, కలరా అయితే కొన్ని గంటల నుంచి 5 రోజుల్లోపు, టైఫాయిడ్‌కి వారం రెండు వారాలు పట్టొచ్చు, హెపటైటిస్ ఎ కామెర్లు అయితే 2 నుంచి 4 వారాలు. కాబట్టి ఈ వారం విరేచనాలు తగ్గిపోయినా వీళ్ల పని అయిపోయినట్టు కాదు, నెలదాకా కామెర్లు ఎవరికైనా వస్తున్నాయా అని చూస్తూ ఉండాలి. చూశారు కూడా, వారానికోసారి ఆ మేడం వచ్చి "కళ్లు పచ్చగా ఉన్నాయా, మూత్రం ముదురు రంగులో పోతుందా" అని ప్రతి ఇంట్లో అడిగి వెళ్లేది.

ఇది చూశాక ఇంట్లో కూర్చుని దీని గురించి చదివా, అప్పుడు తెలిసింది ఈ ప్రశ్నల పద్ధతి ఇప్పటిది కాదని. 1854లో లండన్‌లో సోహో అనే ఏరియాలో కలరా వచ్చి 600 మందికి పైగా పోయారు, ఎక్కువమంది మొదటి పది రోజుల్లోనే. జాన్ స్నో అనే డాక్టర్ చనిపోయిన వాళ్ల ఇళ్లకి తిరిగి నీళ్లు ఎక్కడ పట్టుకున్నారని అడిగాడు, ఎక్కువమందివి బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్లే. ఇంకా ముఖ్యమైన విషయం, ఆ పంపు పక్కనే ఉండి కూడా జబ్బు పెద్దగా రాని చోట్లు కూడా చూశాడు. అక్కడే ఒక వర్క్‌హౌస్‌లో (దిక్కులేని పేదల్ని ఉంచి పని చేయించే చోటు) వందలమంది ఉంటే అయిదుగురే పోయారు, వాళ్లకి సొంత బావి ఉంది. ఆ పక్కనే బీరు తయారుచేసే చోట పనివాళ్లకి ఏం కాలేదు, వాళ్లదీ వేరే బావి. మా ఎదురింటాయన బోరు లాంటిదే అన్నమాట! సెప్టెంబర్ 8న ఆ పంపు హ్యాండిల్ తీసేయించారు. అప్పటికే జనం ఊరొదిలి వెళ్లిపోతుండటంతో కేసులు తగ్గుముఖం పట్టాయి, కాబట్టి హ్యాండిల్ తీయగానే ఆగిపోయింది అని చెప్పే కథ పూర్తిగా కరెక్ట్ కాదు, కానీ నీళ్ల వల్లే వస్తుందని చూపించింది మాత్రం ఆ లెక్కే. కలరా చెడు గాలి వల్ల వస్తుందని పెద్ద పెద్ద వాళ్లందరూ నమ్ముతున్న కాలం అది. క్రిమి సంగతి లోకం ఒప్పుకోకముందే ఇల్లిల్లూ తిరిగి అడిగి పట్టుకున్నాడంటే, మా వీధిలో రిజిస్టర్ పట్టుకుని తిరిగిన మేడం పనికి ఎంత విలువుందో నాకు అప్పుడు తెలిసింది.

సరే మళ్లీ మా వీధికి వద్దాం. ప్రశ్నలయ్యాక నీళ్లు చూశారు. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి ఒక టాబ్లెట్ వేసి కలిపారు, క్లోరిన్ ఉంటే గులాబీ రంగు వస్తుంది, ఎంత ముదురు రంగు వస్తే అంత క్లోరిన్. ట్యాంక్ దగ్గర చూస్తే మంచి రంగొచ్చింది, వీధి మొదట్లో లేతగా వచ్చింది, మా కుళాయి దగ్గర అస్సలు ఏం రాలేదు, మంచినీళ్లలా తెల్లగానే ఉండిపోయింది. కుళాయి చివరిదాకా లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములైనా మిగిలి ఉండాలట. ట్యాంక్ దగ్గర క్లోరిన్ కలిపితే పనైపోయినట్టు కాదు, దారిలో ఎక్కడైనా మురికి కలిస్తే దాన్ని చంపడంలోనే క్లోరిన్ ఖర్చయిపోతుంది, అందుకే చివరి కుళాయిలో ఏమీ మిగల్లేదంటే మధ్యలో ఏదో జరిగిందని అర్థం. అందుకే మీ ఏరియాలో వాళ్లు క్లోరిన్ చెక్ చేయడానికి వస్తే ఒక్కటి గమనించండి, ట్యాంక్ దగ్గర చూసి వెళ్లిపోతున్నారా చివరింటి దాకా వస్తున్నారా. నా దృష్టిలో మంచి డిపార్ట్‌మెంట్‌కీ మామూలు డిపార్ట్‌మెంట్‌కీ తేడా అక్కడే తెలిసిపోతుంది.

శాంపిల్ తీయడం కూడా దగ్గరుండి చూశా. నేనైతే ఏదో వాటర్ బాటిల్‌లో పట్టుకెళ్లొచ్చు కదా అనుకున్నా. అలా కాదు, ముందు కుళాయి మూతి తుడిచి, మంట చూపించి, నీళ్లు కాసేపు వదిలేసి, అప్పుడు స్టెరైల్ బాటిల్ (క్రిములేవీ లేకుండా శుద్ధి చేసింది) మూత తీసి, మూత లోపలి వైపు వేలు తగలకుండా పట్టారు. ఆ బాటిల్లో ముందే కొంచెం సోడియం థయోసల్ఫేట్ వేసి ఉంటుంది, ఎందుకంటే నీళ్లలో క్లోరిన్ ఉంటే అది ల్యాబ్‌కి వెళ్లేదాకా క్రిముల్ని చంపుతూనే ఉంటుంది, అప్పుడు మనింట్లో కుళాయి దగ్గర ఉన్న పరిస్థితి ల్యాబ్‌లో కనపడదు, అందుకని క్లోరిన్ పని అక్కడికక్కడే ఆపేస్తారు. తర్వాత ఐస్ బాక్సులో పెట్టి తీసుకెళ్లారు, వీలైతే 6 గంటల్లో, ఎంత లేటైనా 24 గంటల్లోపు టెస్ట్ మొదలవ్వాలట. తాగే నీళ్లు 100 మిల్లీలీటర్లలో ఒక్క ఈ-కొలై క్రిమి కూడా కనపడకూడదు, కనపడిందంటే మలం ఎక్కడో కలిసిందని లెక్క.

రిపోర్ట్ కోసం ఆగకుండా ఆ సాయంత్రమే పైపు వెంట నడుచుకుంటూ వెళ్లి చూస్తే వీధి మలుపులో మురుగు కాలవ కింద నుంచి పోయే చోట జాయింట్ దగ్గర లీకు. నీళ్లొచ్చే టైమ్‌లో లీకు బయటికి పోతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు, నీళ్లు ఆగిపోయాక పైపు ఖాళీ అయి లోపలికి లాక్కుంటుంది, అప్పుడు కాలవలో ఉన్నదంతా పైపులోకే. రోజంతా నీళ్లుండే లైన్ కంటే ఆగి ఆగి వచ్చే లైన్‌లో ఈ ప్రమాదం ఎక్కువ అని ఇన్‌స్పెక్టర్ గారు చెప్పారు. లీకు బాగుచేసేది నీళ్ల డిపార్ట్‌మెంట్ వాళ్లు, వీళ్లు కాదు, వీళ్లు రాసి పంపాలి, వాళ్లు రావాలి, అందుకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఆ లైన్‌లో నీళ్లు ఆపించి ట్యాంకర్ పెట్టించారు, కాచిన నీళ్లే తాగండి, బాగా తెర్లి బుడగలొచ్చేదాకా ఒక నిమిషమైనా మరిగించండి అని ఇంటింటికీ చెప్పారు.

ఓఆర్ఎస్ దగ్గర మాత్రం వాళ్లు చెప్పకపోతే మా వీధిలో సగం మంది తప్పే చేసేవాళ్లం. ఒక ప్యాకెట్ ఒక గ్లాసులో కలిపి తాగించేస్తున్నారు. లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్లలోనే కలపాలి, తక్కువ నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లలకి ఇంకా ప్రమాదం, కలిపింది 24 గంటల్లో వాడేసి మిగిలితే పారబోయాలి. పిల్లలకి దాంతోపాటు జింక్ మాత్రలు 10 నుంచి 14 రోజులు, విరేచనాలు ఆగినా కోర్సు ఆపకూడదు. ఆ మేడం మా ఆవిడ చేతే కలిపించి చూసి, కరెక్ట్‌గా కలిపాకే పక్కింటికి వెళ్లింది. చెప్పి వెళ్లడం వేరు, మన చేత చేయించి చూసి వెళ్లడం వేరు.

దోమల సంగతి. ఇక్కడ మా వీధి వాళ్లతో నాకు గొడవే అయింది. డెంగ్యూ కేసులొచ్చినప్పుడు అందరూ ఫాగింగ్ ఫాగింగ్ అని ఫోన్లు చేశారు, పొగ బండి రాకపోతే డిపార్ట్‌మెంట్ నిద్రపోతుందని తిట్టారు. పొగ చంపేది ఆ టైమ్‌కి గాల్లో ఎగిరే పెద్ద దోమల్నే అండీ, మన ఇంట్లో తొట్టిలో ఉన్న లార్వాకి ఏం కాదు, వారంలో అవి దోమలై మళ్లీ బయటికొస్తాయి. గుడ్డు నుంచి దోమ అవ్వడానికి 7 నుంచి 10 రోజులు. అందుకే వారానికి ఒకరోజు నీళ్లన్నీ పారబోసి తొట్లు ఎండబెట్టమంటారు, ఆ వారం లెక్క ఊరికే పెట్టింది కాదు. పైగా డెంగ్యూ అంటించే ఈ ఏడిస్ దోమ గుడ్లు నీళ్లలో తేలవు, నీటి అంచుకి పైన తొట్టి గోడకి అతుక్కుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగిలితే చాలు. కాబట్టి నీళ్లు ఒంపేస్తే సరిపోదు, బ్రష్ పెట్టి గోడలు గట్టిగా రుద్దాలి. ఇది మాకు ఫీల్డ్ వర్కర్ అన్న టార్చ్ వేసి చూపించాడు, ఎక్కడో కాదు మా ఫ్రిజ్ వెనకాల ట్రేలో! మూడేళ్లుగా ఆ ట్రే ఒకటుందని కూడా మాకు తెలీదు, అందులో తోకలాడిస్తూ లార్వాలు. అంతకుముందు రెండు వారాలు మా అమ్మకి డెంగ్యూ, మంచం మీదుంది. ఆ ట్రే చూశాక నాకు నోట మాట రాలేదు, ఈ పారా ఆమె కోసమే ఇంత వివరంగా రాస్తున్నా. అన్నట్టు ఈ దోమ పగలే ఎక్కువ కుడుతుంది, పొద్దున కొంతసేపు, సాయంత్రం చీకటి పడే ముందు, రాత్రి దోమతెర కట్టుకుని పగలు వదిలేస్తే ఉపయోగం తక్కువ. జబ్బులో ఉన్న మనిషి పగలు కూడా తెరలోనే ఉండాలి, లేదంటే వాళ్లని కుట్టిన దోమ ఇంకొకరికి అంటిస్తుంది.

టీకాల రోజు సర్వీస్‌కి మాత్రం ఐదుకి ఐదు ఇవ్వొచ్చు. మా చెల్లి పాపని తీసుకెళ్లా. వ్యాక్సిన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలని తెలుసు కానీ ఎలా చెక్ చేస్తారో తెలీదు, అడిగితే సిస్టర్ విసుక్కోకుండా సీసా చేతికిచ్చి చూపించింది. సీసా మీద చిన్న గుండ్రం, అందులో ఒక చదరం ఉంటుంది, వేడి తగిలేకొద్దీ ఆ చదరం ముదురుతుంది, చుట్టూ ఉన్న గుండ్రం రంగులో కలిసిపోయిందంటే ఆ సీసా పడేయాల్సిందే. చాలామంది చల్లగా ఉంటే చాలనుకుంటారు, కానీ హెపటైటిస్ బి లాంటి టీకాలు గడ్డకడితే కూడా పాడైపోతాయి, ఐస్‌కి ఆనించి పెట్టకూడదు. తట్టు టీకా పొడి రూపంలో ఉంటుంది, దాని ద్రవం కలిపాక ఎంత మిగిలినా సెషన్ అయిపోగానే, లేదా దానికి పెట్టిన గంటల గడువు దాటగానే, ఏది ముందైతే అప్పుడు పారేస్తారు. ఆ రోజు మా ముందే సగం సీసా పారేస్తే ఒకాయన "వేస్ట్ చేస్తున్నారు" అన్నాడు. అదే వాళ్లు చేయాల్సిన కరెక్ట్ పని. టీకా వేశాక అరగంట కూర్చోబెట్టి, జ్వరమొస్తే ఏం చెయ్యాలో చెప్పి, తర్వాతి తేదీ కార్డు మీద రాసి, ఆ తేదీకి రెండ్రోజుల ముందు ఫోన్ చేశారు.

తట్టు గురించి ఒక్క మాట. తట్టొచ్చిన ఒక్క మనిషి టీకా లేని జనంలో 12 నుంచి 18 మందికి అంటిస్తాడు, ఆ మనిషి గది వదిలి వెళ్లిపోయినా రెండు గంటలదాకా గాల్లో వైరస్ ఉండొచ్చు, దద్దుర్లు కనపడటానికి 4 రోజుల ముందే అంటించడం మొదలవుతుంది. అంటే జబ్బని తెలిసేలోపే అంటుకుపోతుంది. అందుకే నూటికి 95 మంది పిల్లలకి రెండు డోసులూ పడాలని వీళ్లు తలుపులు కొడుతూ తిరుగుతారు. మశూచిని లోకం నుంచి లేకుండా చేసింది కూడా ఈ తలుపులు కొట్టడమే, జబ్బు ఫొటో ఉన్న కార్డు చేత్తో పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఇలాంటి మనిషిని ఎక్కడైనా చూశారా అని అడిగేవాళ్లు, దొరికితే ఆ మనిషి చుట్టూ ఉన్నవాళ్లందరికీ టీకా వేసేవాళ్లు. సహజంగా వచ్చిన చివరి కేసు 1977లో సోమాలియాలో, 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి పోయిందని ప్రకటించింది. ఇక్కడ కూడా అడగడమే చూడండి.

మా బాబాయిని కుక్క కరిచినప్పుడు ఫోన్‌లోనే చెప్పారు, ముందు కుళాయి కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగండి, గడియారం చూసి కడగండి, ఏమీ పూయకండి, తర్వాత రండి అని. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు కాబట్టి అంతకుముందే చేసేదంతా చేయాలి. మూడు డోసులయ్యాక బాబాయికి బద్ధకమొచ్చింది, నాలుగో డోసు రోజు ఎగ్గొట్టాడు. మధ్యాహ్నానికి ఫోనొచ్చింది, "అయ్యా మీరు ఈరోజు రాలేదు, నాలుగింటిదాకా ఉంటాం" అని. వెళ్లాడు.

ఇంకో విషయం నాకు చాలా నచ్చింది. మా బ్లాక్‌లో ఎవరికో టీబీ ఉందని పుకారొచ్చింది, ఒక పెద్దమనిషి ఆ మేడంని ఆపి ఎవరో చెప్పమని గట్టిగా అడిగాడు, మా పిల్లలున్నారు మాకు తెలియాలి అని. ఆమె చెప్పలేదు. "చెప్తే రేపటి నుంచి ఎవరూ టెస్ట్‌కి రారు సార్, రాకపోతే అప్పుడు మీ పిల్లలకి నిజంగా ప్రమాదం" అంది. మామూలు టీబీకి 6 నెలలు మందు వాడాలి, సరైన మందు పడుతుంటే కొన్ని వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది, మధ్యలో మానేస్తేనే అసలు సమస్య. ఎవరి పేరూ బయటపెట్టకుండా అందరికీ దగ్గు స్క్రీనింగ్ పెట్టి పని కానిచ్చారు. ఆ మనిషి ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు, తెలియకపోవడమే ఆ సర్వీస్ క్వాలిటీ.

హోటల్ ఇన్‌స్పెక్షన్లు నేను దగ్గర్నుంచి చూడలేదు కాబట్టి ఎక్కువ రాయను. ఒక్కటి మాత్రం, వాళ్లు వంటగదిలోకి వెళ్లగానే గోడల కంటే ముందు థర్మామీటర్ తీయాలి, ఎందుకంటే 5 నుంచి 60 డిగ్రీల మధ్యే క్రిములు జోరుగా పెరుగుతాయి, మెరిసే టైల్స్ ఉన్న వంటగదిలో కూడా వండింది గంటల తరబడి గోరువెచ్చగా ఉంచితే ప్రమాదమే.

ఇక స్టార్ ఎందుకు తగ్గించానంటే. ఒకటి, ఆ నీళ్ల శాంపిల్ రిపోర్ట్ మాకు ఇవ్వలేదు. ఇన్ని నెలలైనా ఇవ్వలేదు. లీకు మూసేశారు, క్లోరిన్ పెంచారు, కేసులు ఆగాయి, అన్నీ కరెక్టే, కానీ మా కుళాయిలో ఏముందో మాకు కాగితం మీద చెప్పాలి కదా, మా పిల్లలు తాగిన నీళ్లు అవి. రెండుసార్లు వెళ్లి అడిగితే పై ఆఫీస్‌కి పంపాం అన్నారు. ప్రశ్నలన్నీ మమ్మల్ని అడిగి, ఓపిగ్గా జవాబులన్నీ మా దగ్గర తీసుకుని, చివరికి మాకు చెప్పాల్సిన జవాబు మాత్రం చెప్పకపోవడం నాకు చాలా బాధేసింది. రెండు, హెల్ప్‌లైన్. మొదటి రెండుసార్లు రింగై రింగై కట్టయింది, నేను కాబట్టి మూడోసారి చేశా, వేరేవాళ్లు వదిలేసేవాళ్లు, అప్పుడు ఎనిమిదో ఇల్లు తొమ్మిదో ఇల్లు కూడా పడేవి.

మూడోది సర్టిఫికెట్ల కౌంటర్. మా తాతయ్య డెత్ సర్టిఫికెట్‌లో పేరు ఒక అక్షరం తప్పు పడితే నాలుగుసార్లు తిప్పారు, ప్రతిసారీ ఒక్కో కొత్త కాగితం అడిగారు, మొదటిరోజే లిస్టంతా ఇచ్చుంటే ఒక్కసారిలో అయిపోయేది. ఇల్లిల్లూ తిరిగే వాళ్ల ఓపికలో పదో వంతు ఆ కౌంటర్‌లో లేదు. ఇది మా అసౌకర్యం గురించి మాత్రమే కాదు, ఆ రిజిస్టర్ మీదే డిపార్ట్‌మెంట్ అంతా నిలబడి ఉంది. 1662లోనే జాన్ గ్రాంట్ అనే లండన్ బట్టల వ్యాపారి వారం వారం వేసే చావుల లిస్టులు పోగేసి ఏ జబ్బుతో ఎంతమంది పోతున్నారో లెక్క తీసి అచ్చేశాడు, అప్పటి నుంచీ లోకమంతా ఆ దారిలోనే నడుస్తోంది. మరి కౌంటర్‌లో విసిగించి పంపిస్తే జనం రిజిస్టర్ చేయించడమే మానేస్తారు, లేదా కారణం దగ్గర "గుండె ఆగింది" అని రాసిచ్చేస్తారు. గుండె అందరికీ ఆగుతుంది అండీ చివరికి, ఎందుకాగిందో రాస్తేనే కదా రేపు ఇంకొకర్ని కాపాడుకునేది.

స్టాఫ్ తక్కువన్న మాట నిజమే, ఆ ఇద్దరికే ఎన్ని వీధులున్నాయో లెక్క లేదు, ఎండలో నడిచే తిరుగుతారు. అందుకే తిరిగే వాళ్ల పేరు మీద ఒక్క స్టార్ కూడా తగ్గించలేదు, తగ్గించింది ఆఫీసు మీదే. మీ ఇంటికి వాళ్లొస్తే దయచేసి గేటు దగ్గరే పంపించకండి, లోపలికి పిలవండి, తొట్లు చూడనివ్వండి, ఏ రోజు జ్వరమొచ్చిందో గుర్తు చేసుకుని కరెక్ట్‌గా చెప్పండి, ఉజ్జాయింపుగా చెప్తే వాళ్ల లెక్క తప్పుతుంది. ఒకే వీధిలో రెండు మూడు ఇళ్లలో ఒకే జబ్బు కనపడితే ఎవరో ఒకరు చెప్తార్లే అనుకోకుండా మీరే ఫోన్ చేయండి, ఎత్తకపోతే మళ్లీ చేయండి.

పోయిన వారం ఆ మేడం మళ్లీ వచ్చింది, మా చివరి కుళాయి దగ్గర గొట్టంలో నీళ్లు పట్టి టాబ్లెట్ వేసింది. గులాబీ రంగొచ్చింది, 0.3 అని రాసుకుంది. ఈ నెలలో ఇంట్లో ఎవరికైనా విరేచనాలు, జ్వరం, కామెర్లు అని అడిగింది, ఎవరికీ లేవన్నా. మూడు గళ్లలో మూడు సున్నాలు వేసి పక్కింటి గేటు తీసింది. రిపోర్ట్ ఇంకా రాలేదు, మూడోసారి రాసిచ్చి రసీదు తీసుకున్నా, అది చేతికొచ్చిన రోజు ఈ రివ్యూ మార్చి ఐదో స్టార్ నేనే ఇస్తా.